పదిహేడో చుట్టు

"నాలుగింటికి నీళ్లు వదలాలి. ఆలోపు చెప్పు నాన్నా, ఎవరి దగ్గర వాగావు?"

అన్న గొంతు వీధి చివరిదాకా వినిపిస్తోంది. గుమ్మంలో చెప్పులు విడుస్తున్న పంతులమ్మ, ఒక చెప్పు కాలికి ఉండగానే ఆగిపోయింది.

అమ్మ ఫోన్ చేసి "ఉన్నపళాన రా" అని పెట్టేసింది. నాన్నకు గుండెల్లో ఏదో అయిందనుకుని, మధ్యాహ్నం క్లాసు సగంలో వదిలేసి, ఆటోలో దారిపొడుగునా దేవుళ్లకు దండాలు పెట్టుకుంటూ వచ్చింది. తీరా వస్తే ఆయన గుండె నిక్షేపంలా ఉంది. బల్ల ముందు కూర్చుని, చల్లారిపోయిన కంచం వైపు చూస్తున్నాడు. కంచం పక్కన నాలుగు మడతలు పడ్డ జిరాక్సు కాగితం ఉంది.

గుమ్మంలోంచే ఆమె దాన్ని గుర్తుపట్టింది. గుండెనొప్పే వచ్చి ఉంటే బాగుండేదేమో అని ఒక్క క్షణం అనిపించింది. అనిపించినందుకు సిగ్గుపడింది.

"రా పంతులమ్మా, నీకోసమే చూస్తున్నాం," అన్నాడు అన్న. ఆమె కాలేజీలో లెక్చరరుగా చేరిన రోజు నుంచి ఆ పిలుపే. అందులో సగం గర్వం, సగం ఎత్తిపొడుపు. "మీ కాలేజీ ఘనకార్యమే ఇది. మీ క్లాసు పిల్లే, ఎగువ వీధిది. పొద్దున పదింటికి నీళ్ల ఆఫీసులో అర్జీ పెట్టిందట. అర్జీకి దీన్ని తగిలించింది. పన్నెండు కొట్టేసరికి జిరాక్సు మా ట్యాంకర్ల షెడ్డుకి వచ్చింది."

"రెండు గంటల్లోనా?"

"ఆఫీసులో కాగితం కదలదంటారుగా. కదులుద్ది. ఎటు కదలాలో దానికి తెలిస్తే చాలు."

ఆ కాగితం ఆమెకు కంఠతా వచ్చు. వ్యవస్థీకృత నేరం పాఠం చెప్పిన రోజు తానే ఇచ్చిన పని అది. "నిర్వచనం అందరూ బట్టీపడతారు. మీ ఇంటికి రోజూ వచ్చే ఒక వస్తువు తీసుకోండి. అది ఎన్ని చేతులు మారి వస్తోందో బొమ్మ గీయండి," అంది. పిల్లలు పాలు గీశారు, గ్యాసు గీశారు, వార్తాపత్రిక గీశారు. ఎగువ వీధి అమ్మాయి నీళ్లు గీసింది.

అన్నీ గడులు, బాణాలు. పైన 'పెద్దాయన' అని ఒక గడి. దాని కింద ట్యాంకర్లు, టోకెన్లు ఇచ్చే మనిషి. ఆఫీసు వైపు ఒక బాణం. అన్నిటికన్నా అడుగున 'వాల్వు తిప్పేది' అని ఒక గడి. అందులో పేరు లేదు, ప్రశ్నార్థకం మాత్రం ఉంది. దాని పక్కన 'మా వీధికి వాల్వు మూసేస్తారు, అందుకే మేం ట్యాంకరు పిలుచుకుంటాం' అని రాసింది పిల్ల.

ఆ వాక్యం కింద ఇంకో మూడు వరుసలున్నాయి. 'పూర్తిగా మూయరు. మూస్తే అనుమానం వస్తుంది. ఇరవై రెండు చుట్లు తెరవాల్సింది, పదిహేడు దగ్గర ఆపేస్తారు. ఎత్తు మీదికి నీళ్లు ఎక్కవు.'

ఆ మూడు వరుసలూ పంతులమ్మవి. తప్పు కనపడితే దిద్దకుండా ఉండలేని జబ్బు ఆమెది. నలభై కాగితాలు ముందేసుకుని ఎర్రసిరాతో దిద్దుకుపోతున్న ఊపులో, చెయ్యి తన పాటికి తాను రాసేసింది. రాసి, ఇరవైకి పద్దెనిమిది మార్కులు వేసి, తర్వాతి కాగితం అందుకుంది. ఏం రాసిందో తెలిసేసరికి కాగితాలు పిల్లల చేతుల్లోకి వెళ్లిపోయాయి. జిరాక్సులో ఎరుపంతా నలుపైపోయింది కాబట్టి అన్న కళ్లకు అదంతా ఒక్కరి రాతలాగే ఉంది.

"ఇరవై రెండు, పదిహేడు," అన్నాడు అన్న, కాగితం మీద వేలితో పొడుస్తూ. "ఈ ఇంట్లో పుట్టిన నాకే తెలీదు ఈ లెక్క. ఆఫీసరుకి తెలీదు. షెడ్డులో ఎవడికీ తెలీదు. వాల్వు తిప్పే నీ చేతికి తప్ప ఇంకెవరికీ తెలీదు నాన్నా. మరి ఆ పిల్లకి కలలోకొచ్చి ఎవరన్నా చెప్పారా?"

నాన్న ఒక ముద్ద కలిపి, మళ్లీ కంచంలోనే వదిలేశాడు. "తిననివ్వరా," అన్నాడు.

"తిను. తిని చెప్పు. మూడింటికి టోకెన్లాయన వస్తున్నాడు. నాకు చెప్పకపోయినా ఆయనకి చెప్పక తప్పదు. పడమటి వాల్వాయన ఎక్కడో నోరు జారాడు. ఏమైంది? వాల్వు గుంటలో పడి రెండు కాళ్లూ విరిగాయి. కాలు జారిందని రిపోర్టు రాశారు. ముప్పై ఏళ్లు దిగిన గుంటలో ఆయన కాలు జారిందట!"

ఆ మాటకు అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

నాన్న తలెత్తాడు. ఆయన చూసింది కొడుకు వైపు కాదు, గుమ్మంలో నిలబడ్డ కూతురి వైపు.

"నేనేం చేశాన్రా?" అన్నాడు నెమ్మదిగా. "ఒకరింట్లో జొరబడ్డానా? ఒకర్ని కొట్టానా? ఐదు చుట్లు తక్కువ తిప్పాను. అంతేగా."

"నేను మాత్రం? బండి తోలుతున్నా. నీళ్లు లేని వీధికి నీళ్లు పోస్తున్నా. ఆ మాటకొస్తే పుణ్యం కూడా."

పంతులమ్మకు తన గొంతే తనకు వినిపించింది. 'ఒక్కొక్కరి పని విడిగా చూస్తే అందులో నేరం కనపడదు. అదే దాని తెలివి,' అని ఆమె క్లాసులో ఎన్నిసార్లు చెప్పిందో. చెప్పిన ప్రతిసారీ, ఆ వాక్యం ఎక్కడో దూరాన ఎవరో చెడ్డవాళ్ల గురించి అనుకున్నట్టే చెప్పింది.

"ఆ పిల్ల అబద్ధం రాయలేదుగా," అంది, అనకూడదనుకుంటూనే.

"ఓహో! మొదలెట్టింది," అన్నాడు అన్న. "నిన్నెవరన్నా అడిగారా? గుమ్మడికాయల దొంగంటే నువ్వెందుకే భుజాలు తడుముకుంటావ్?"

ఆమె గబగబా వంటింట్లోకి నడిచింది.

* * *

అమ్మ తోమిన గిన్నెలే మళ్లీ తోముతోంది. ఈ ఇంట్లో కుళాయికి ఏ పూటా ధార తగ్గదు. చిన్నప్పుడు అది తమ అదృష్టమనుకునేది పంతులమ్మ.

"అమ్మా. అది రాసింది..."

"నువ్వే," అంది అమ్మ వెనక్కి తిరగకుండా. "నీకు పలక మీద అక్షరాలు దిద్దించింది నేను. నీ రాత నాకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"నాన్నకి?"

"మీ నాన్నకి రాతతో పనేంటి? లెక్క చూశాడు. తెలిసిపోయింది."

ఆ లెక్క నాన్నకు కాక ఈ లోకంలో ఇంకొక్కరికే తెలుసు. వాల్వు బిగుసుకుని ఉంటుంది. గుంటలోకి దించిన ఇనప రాడ్డుకు రెండు చేతులూ ఆనించి, బరువంతా వేసి, గుంట చుట్టూ తిరుగుతూ తిప్పాలి. ఆ ఆయాసంలో తిప్పేవాడికి లెక్క తప్పుతుంది. అందుకే పక్కన ఒకరు ఉండి లెక్కపెడతారు. పదేళ్ల వయసు నుంచి ఆ పని ఆమెది. సాయంత్రం బడి వదలగానే పుస్తకాల సంచి వీపున ఉండగానే గుంట పక్కన గొంతుక్కూర్చుని గట్టిగా ఒకటి, రెండు, మూడు అనేది. "నువ్వు ఆపితే నేను ఆపుతా అమ్మడూ," అనేవాడు నాన్న. పెద్దవాడు తన మాట మీద చెయ్యి ఆపడం ఎంత గొప్పగా ఉండేదో ఆమెకు!

అప్పట్లో ఎప్పుడూ ఇరవై రెండే. ఇంటర్ చదివే రోజుల్లో ఒకనాడు పదిహేడు దగ్గర ఆయనే "చాలు" అన్నాడు. "ఇంకా ఐదున్నాయిగా నాన్నా?" అంటే, "పైపు పాతబడిందమ్మా, తట్టుకోదు," అన్నాడు. వారం రోజులు అలాగే పదిహేడు లెక్కపెట్టింది. ఆ తర్వాత ఆయన ఆమెను తీసుకెళ్లడం మానేశాడు. నెల తిరక్కుండా ఎగువ వీధిలోకి మొదటి ట్యాంకరు వచ్చింది. పైపు మాట ఆమె నమ్మలేదు. నమ్మినట్టు ఉండిపోయింది. అలా ఉండిపోయి ఇప్పటికి పదహారేళ్లు.

"నేనే రాశానని చెప్పేస్తానమ్మా. వాళ్లు నాన్నని అనుమానిస్తుంటే చూస్తూ ఊరుకోలేను."

"చెప్పు. చెప్పి ఏం చేస్తావ్?"

"పోతే ఉద్యోగం పోతుంది. అంతేగా. నాకు చదువుంది, ఇంకోచోట..."

అమ్మ ఇప్పుడు తిరిగింది. చేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఆ ఉద్యోగం నీకెలా వచ్చిందే?"

"ఇంటర్వ్యూ బాగా చేశాను."

"చేశావు. కాదన్లేదు. పదకొండు మంది వచ్చారు, నీకన్నా పెద్ద చదువులవాళ్లు నలుగురున్నారు. ముందురోజు మీ నాన్న పెద్దాయన గేటు బయట రెండు గంటలు నిలబడ్డాడు. లోపలికి కూడా పిలవలేదు. మనిషి బయటికొచ్చి 'సరే, వెళ్లమన్నారు' అని చెప్పాడు. మీ నాన్న ఆ రెండు గంటలూ చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడట. అన్నం తినకుండా పడుకున్నాడు ఆ రోజు."

పంతులమ్మకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. ఆ కోపంలో సిగ్గులేని ముక్క ఒకటుంది: ఆ ఇంటర్వ్యూలో తాను చెప్పిన జవాబులు ఈ తొమ్మిదేళ్లూ ఎన్నిసార్లు తలుచుకుని మురిసిపోయిందో! ఎంత చక్కగా చెప్పానో అనుకునేది. వాళ్లు వినలేదన్నమాట.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మానేసేదానివా?"

అమ్మ చీర చెంగుతో చేతులు తుడుచుకుంది.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు. నువ్వు లెక్కపెట్టడమే కాదు, కాగితం మీద రాసిచ్చావు. పిల్లది రాసిన తప్పు నీ కంటికి ఆనింది. ఇంట్లో ఇంత తప్పుని పదహారేళ్లు దిద్దకుండా ఎలా ఉండగలిగావే?"

అమ్మ అలా అడుగుతుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. అమ్మకు ఇదంతా తప్పుగా తోస్తుందని కూడా అనుకోలేదు.

బయట గేటు చప్పుడైంది.

"మీ అన్నకి మాత్రం చెప్పకు," అంది అమ్మ గబగబా. "వాడికి ముందు నోరు లేస్తుంది, ఆ తర్వాత ఎప్పుడో బుర్ర లేస్తుంది."

* * *

టోకెన్లాయన చెప్పులు బయటే విడిచి వచ్చాడు. ముప్పై లోపు మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఏ వీధికి ఏ గంటకు ట్యాంకరు వెళ్లాలో చీటీలు పంచే పని అతనిది. అరిచినట్టు గానీ, ఎవరినన్నా 'నువ్వు' అన్నట్టు గానీ ఎవరూ ఎరగరు.

"నమస్తే మేడమ్. గుర్తుపట్టారా? కిటికీ వైపు మూడో బెంచీ."

గుర్తుపట్టింది. ఆమె పాఠాలు చెప్పిన మొదటి ఏడాది పిల్లల్లో ఒకడు. ముందు వరసలో కూర్చోడు గానీ అన్నీ రాసుకునేవాడు.

"కూర్చోండి బాబాయ్, లేవకండి. పిన్నీ, కాసిని మంచినీళ్లు ఇప్పిస్తారా?"

అమ్మ గ్లాసు తెచ్చి ఇచ్చింది. అతను మొత్తం తాగి, గ్లాసు చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టాడు. తర్వాత జిరాక్సు కాగితాన్ని అరచేత్తో సాపుచేశాడు.

"పిల్ల బాగా గీసింది మేడమ్. మా వాళ్లకి కూడా ఇంత స్పష్టంగా తెలీదు మేమేం చేస్తున్నామో." నవ్వాడు. "అయితే బాబాయ్, ఈ అంకెల దగ్గరే పేచీ. మాకు కావలసింది నీళ్లు ఎక్కకపోవడం. ఎన్ని చుట్లకి ఎక్కవన్నది మేమెప్పుడూ అడగలేదు. అది మీ చేతి గుట్టు. మరి ఆ పిల్లకి ఎలా చేరింది?"

గోడగడియారం మూడూ పది చూపిస్తోంది. అన్న నాన్న వైపు చూస్తున్నాడు. అమ్మ వంటింటి తలుపు పట్టుకుని నిలబడింది.

పంతులమ్మ నోరు తెరిచింది.

"నేనే చెప్పాను," అన్నాడు నాన్న.

"ఎవరికి బాబాయ్?"

"ఆ పిల్లకే. గుంట మూత తీస్తుంటే వచ్చి అడిగింది. చదువుకునే పిల్ల కదా అని చెప్పాను. ముసలి నోరు, ఆగలేదు."

"నాన్నా!" అన్నాడు అన్న, తల పట్టుకుని. "ఎంత పని చేశావ్ నాన్నా!"

"కాదు, నాన్న కాదు..." అంది పంతులమ్మ.

"అమ్మడూ," అన్నాడు నాన్న. ఆమె వైపు చూడలేదు. చిన్నప్పుడు గుంట అంచుకు మరీ దగ్గరగా జరిగితే ఇలాగే అనేవాడు. అప్పుడు ఆమె వెంటనే వెనక్కి జరిగేది. ఇప్పుడూ జరిగింది. తర్వాత తలుచుకుంటే తన మీద తనకు అసహ్యం వేసింది గానీ, ఆ క్షణంలో ఆమెకు కలిగింది హాయి. తన వంతు తప్పిపోయిన హాయి.

టోకెన్లాయన కాసేపు కాగితాన్నే చూశాడు.

"మేడమ్ రాత ఎంత ముచ్చటగా ఉంటుందో," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "దిద్ది ఇచ్చిన పేపర్లు నేను ఇప్పటికీ దాచుకున్నాను. మార్జిన్లో ఆ మూడేసి వరుసలు రాసే మేడమ్ ఇంకెవరున్నారు మన కాలేజీలో?"

అన్న ముఖంలో ఏదో కదిలింది. కాగితం వైపు చూశాడు, చెల్లెలి వైపు చూశాడు. అతని నోరు లేవలేదు. బుర్ర ముందు లేవడం బహుశా జీవితంలో అదే మొదటిసారి.

"సరే, బాబాయ్ చెప్పానన్నారు కాబట్టి బాబాయే చెప్పారు," అన్నాడు టోకెన్లాయన, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ. "పెద్దాయనకి నేనూ అదే చెప్తాను. ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి, ఒకసారి నోరు జారింది, వదిలేయండంటాను. వదిలేస్తారు. పడమటి బాబాయిని మొన్న చూసొచ్చాను పాపం, ఇంకా కర్రల మీదే నడుస్తున్నారు. మళ్లీ అలాంటిది ఎందుకు? ఈ పూట నుంచి మీకు ఆరోగ్యం బాగాలేదు. సెలవు కాగితం ఆఫీసులో పెట్టేశాం. మీ బదులు అన్నయ్య తిప్పుతాడు."

"నేనా? నేను బండి తోలేవాణ్ణి..." అన్నాడు అన్న.

"బండికి మనుషులు దొరుకుతారు అన్నయ్యా. వాల్వుకి ఇంటిమనిషి కావాలి."

నలుగురు పట్టుబడితే ఆగిపోయేది ముఠా అని పంతులమ్మ ఏటా చెబుతుంది. నలుగురు పోయినా, వాళ్ల చోట ఇంకో నలుగురు వచ్చి నిలబడి, పని ఒక్క పూట కూడా ఆగకపోతే అది వ్యవస్థ. నల్లబల్ల మీద ఆ వాక్యం కింద రెండు గీతలు కూడా గీస్తుంది. అదిప్పుడు ఆమె ఇంటి బల్ల దగ్గర, ఎవరి గొంతూ పెరగకుండా, మూడు నిమిషాల్లో జరిగిపోయింది.

"అర్జీ పెట్టారుగా. ఇప్పుడు కూడా అలాగే తిప్పుతారా?" అంది.

"ఇప్పుడే తిప్పాలి మేడమ్. నాలుగింటికి సెక్షన్ ఆఫీసరు ఎగువ వీధి కుళాయి దగ్గర నిలబడి, ధార ఎప్పటిలాగే ఉందని రాసుకుంటారు. ఈ పూట ధార పెరిగితే, నిన్నటిదాకా తగ్గించామని మనమే ఒప్పుకున్నట్టు కాదా? ఎప్పటిలాగే ఉండాలి. అంటే పదిహేడే. ఒకటి ఎక్కువా కాదు, ఒకటి తక్కువా కాదు. అన్నయ్యకి కొత్త, లెక్క తప్పుతుంది." అతను ఆమె వైపు తిరిగాడు. "మీరు పక్కనుండి లెక్కపెట్టండి."

"నేను రాను."

"సరే మేడమ్," అన్నాడు అతను, మర్యాదగా. "ఆ అమ్మాయి రోజూ బస్సు దిగి, కాలవ గట్టు మీదుగా ఒక్కతే నడిచి వెళ్తుందట. మీరు వస్తే ఆ అమ్మాయికి ఏ ఇబ్బందీ ఉండదు. నా పూచీ."

పంతులమ్మ కుర్చీ వీపు పట్టుకుంది.

"ఆ పాఠం నీకు నేనే చెప్పాను," అంది. 'మీరు' అనడం మర్చిపోయింది.

"చెప్పారు మేడమ్. ఐదు మార్కుల ప్రశ్న. నాలుగున్నర వేశారు. అర మార్కు ఎందుకు తగ్గించారో ఇప్పటికీ అంతుపట్టదు."

"సొంత ఉదాహరణ రాయలేదు నువ్వు."

"అవునా! అప్పటికి లేదు మేడమ్." నిజంగా సందేహం తీరినవాడిలా తలూపాడు. లేచి, గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "మీరు కూడా ఒకటి తప్పు చెప్పారు. ఇదంతా భయం మీద నడుస్తుందన్నారు. భయం మీద ఎన్నాళ్లు నడుస్తుంది మేడమ్? మనిషి ఎప్పుడో ఒకప్పుడు తెగిస్తాడు. ఇది మొహమాటం మీద నడుస్తుంది. ఒకరికి సీటు, ఒకరికి బదిలీ, ఒకరికి ఉద్యోగం. తెగించడానికి లేస్తారు, ఎదురుగా ఆ మేలు చేసినవాడి ముఖం కనపడుతుంది, కూర్చుంటారు."

అతను వెళ్లిపోయాక ఇల్లంతా దొంగకు తేలు కుట్టినట్టు ఉండిపోయింది.

నాన్న లేచాడు. తలుపు మూల నుంచి రాడ్డు తీశాడు. ముప్పై ఏళ్లుగా అది నిలబడి నిలబడి అక్కడ గచ్చు గుంటపడింది. పాత గుడ్డతో దాన్ని పైనుంచి కింది దాకా తుడిచి, కొడుకు చేతికిచ్చాడు.

"ఎడమకి," అన్నాడు. "మొదటి రెండూ బిగువుగా ఉంటాయి. నడుము వంచకు, మోకాళ్లు వంచు."

"నువ్వే రాశావా?" అన్నాడు అన్న, చెల్లెలితో. అరవలేదు.

"ఊ."

"నాతో ఒక్క మాట అనుంటే మధ్యాహ్నం నుంచి ఆయన్ని తిట్టేవాణ్ణి కాదుగా," అని, రాడ్డు భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

* * *

ఎగువ వీధి మొదట్లో, గోడ వారగా వాల్వు గుంట. పది గజాల అవతల వీధి కుళాయి. కుళాయి ముందు బిందెలు, బకెట్లు, పెయింటు డబ్బాలు వరసగా ఉన్నాయి. మనుషులు గోడ నీడన నిలబడ్డారు. సెక్షన్ ఆఫీసరు దుకాణం అరుగు మీద ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అప్పుడే సగం రాసేసినట్టున్నాడు.

అన్న ఇనుప మూత లాగి పక్కకు పెట్టాడు. రాడ్డు లోపలికి దించి, వాల్వు తలకు తగిలించాడు. అందుకు రెండుసార్లు గురి తప్పాడు. ఎనిమిది చక్రాల ట్యాంకరును ఇరుకు సందుల్లో వెనక్కి నడిపే చేతులవి.

"నాకూ ఇష్టం లేదే," అన్నాడు చిన్నగా. "ఏం చెయ్యమంటావ్? లెక్కపెట్టు. నువ్వు ఆపినప్పుడు ఆపుతా."

ఆ మాట నాన్నది. వీడికి ఎవరు నేర్పారు?

"ఒకటి," అంది ఆమె.

రాడ్డు కిర్రుమంది. అన్న గుంట చుట్టూ తిరిగాడు.

"రెండు... మూడు..."

ఏడు దగ్గర పైపులో నీళ్లు కదిలిన చప్పుడైంది. వరసలో ఆడవాళ్లు బిందెలు ముందుకు జరుపుకున్నారు. తొమ్మిది దగ్గర ఎవరో చంటిబిడ్డను చంక మార్చుకున్నారు. పన్నెండు దగ్గర వరసలోంచి ఒక మనిషి విడివడి ఇటు నడిచి వచ్చింది. పంతులమ్మ తలెత్తకుండానే ఎవరో తెలిసింది.

ఎగువ వీధి అమ్మాయి ఒక చంకలో ఖాళీ బిందె, ఇంకో చేతిలో కాలేజీ నోట్‌బుక్కు పట్టుకుని గుంట అంచున నిలబడింది. ముందు అన్నను చూసింది, ఆ తర్వాత పంతులమ్మ పెదాలనే చూస్తూ ఉండిపోయింది.

"పదమూడు... పద్నాలుగు..."

ఐదు చుట్లు. ఒక్క ఐదు చుట్లు ఎక్కువ తిప్పిస్తే ఈ బిందెలన్నీ నిండుతాయి. ఈ పిల్ల రేపు కాలవ గట్టు మీదుగా నడుస్తుంది. నాన్న చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కడో నిలబడతాడు.

"పదిహేను... పదహారు..."

అన్న చెమటతో తడిసిపోయాడు.

"పదిహేడు."

పద్దెనిమిది గొంతుదాకా వచ్చింది. అక్కడే ఉంది. ఆమె ఆపమనలేదు. తిప్పమనీ అనలేదు. ఆమె నోరు కదలకపోవడం చూసి అన్న ఆగిపోయాడు. అంత తేలిగ్గా ఆగిపోయాడు. కుళాయిలో సన్నటి ధార మొదలైంది. అరుగు మీద ఆఫీసరు దానివైపు ఒకసారి చూసి, ఫైల్లో రాసుకున్నాడు.

రాడ్డు ఇంకా గుంటలోనే ఉంది. అన్న రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి. "అంతేనా?" అన్నట్టు ఆమె వైపు చూస్తున్నాడు.

"మీరు దిద్దింది కరెక్టే మేడమ్," అంది అమ్మాయి. "మూసేస్తారని నేనే తప్పు రాశాను."

ఆ గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయింది పంతులమ్మ. అమ్మాయి బిందె నేల మీద పెట్టి, గుంట అంచున, ఒకప్పుడు బడిసంచితో పంతులమ్మ కూర్చున్న చోటే గొంతుక్కూర్చుంది. నోట్‌బుక్కు తెరిచింది. గడులు, బాణాలు. అన్నిటికన్నా అడుగున ఆ ప్రశ్నార్థకం.

అమ్మాయి పెన్ను మూత తీసి, తలెత్తింది.

"ఈ గడిలో ఇప్పుడు ఎవరి పేరు రాయమంటారు మేడమ్?"